నాలుగు తేనెటీగల పెట్టెలు కొన్నాం, ఒకదాంట్లో రాణి లేదు

మాది నూజివీడు దగ్గర పల్లె. రెండెకరాల్లో పందిరి మీద కాకర, కింద పక్క చేలో గుమ్మడి, కీరా వేస్తాం. నిరుడు గుమ్మడికి పిందె నిలవలేదు. పొద్దున్నే ఆరింటికి నేనూ మా అత్తయ్యా చేలోకి వెళ్ళి, మగ పూలు కోసి ఆడ పూల మీద రుద్దుకుంటూ తిరిగేవాళ్ళం. ఎనిమిదయ్యేసరికి నడుం పట్టేసేది. అందుకే ఈసారి తేనెటీగల పెట్టెలు తెప్పించాం.

మాకు గంటన్నర దూరంలో ఈగల్ని పెంచి అమ్మే కేంద్రం ఒకటి ఉంది. మన దేశవాళీ పుట్ట తేనెటీగలే ఇస్తారు, ఇటాలియన్ ఈగలు కాదు. ఈగలతో సహా పెట్టె 4,500, ఇనప స్టాండు 600. మూడు నెలల్లో మూడుసార్లు మనిషిని పంపిస్తామన్నారు. నాలుగు తీసుకున్నాం.

ఐదుకి మూడు మార్కులు వేస్తున్నాను. ఆ మూడు మార్కులూ పెట్టెల పనితనానికి, మా చేనికి వచ్చిన కుర్రాడికి. పోయిన రెండు మార్కుల గురించే ఎక్కువ రాస్తాను. కొత్తగా కొనేవాళ్ళకి ఇది తెలియకపోతే నష్టపోతారు, ఈగలూ చచ్చిపోతాయి.

ముందు బాగున్నవి. పెట్టె చెక్క గట్టిది, మూత మీద రేకు సరిగ్గా తొడిగారు, లోపల ఈగలు పట్టు కట్టే ఫ్రేములు ఇరుక్కోకుండా పైకి వస్తాయి. స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టుకోమని గిన్నెలు కూడా వాళ్ళే ఇచ్చారు. చీమలు ఒక్కటి ఎక్కలేదు. నవంబరు 24 రాత్రి, ద్వారాలకి జల్లెడ కొట్టి, చల్లబడ్డాక వ్యాన్‌లో తెచ్చారు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది.

పెట్టెలు దించి కదపొద్దు, వారం దాకా తెరవొద్దు అన్నారు. డిసెంబరు 2న తెరిచాను. మొదటి మూడూ చూడముచ్చటగా ఉన్నాయి. నాలుగోది వాటికంటే నిండుగా అనిపించింది. ఐదు ఫ్రేముల మీద ఈగలు కమ్ముకుని ఉన్నాయి, మోత కూడా ఎక్కువ. మూడో ఫ్రేము పైకి తీసి చూస్తే పట్టు గదుల్లో గుడ్లు. ఒక్కో దాంట్లో రెండు, మూడు, ఒక దాంట్లో నాలుగు. గుడ్డు సన్న బియ్యపు నూకలో సగం ఉంటుంది, తెల్లగా. ఇన్ని గుడ్లు పెట్టే రాణి దొరికిందని ఎంత సంతోషించానో. అత్తయ్యని కేకేసి చూపించాను కూడా.

కానీ పక్కనే అక్కడొకటి అక్కడొకటి, లోపల పిల్ల ఉండి మూత వేసిన గదులు ఉన్నాయి. మిగతా పెట్టెల్లో మూతలు చదునుగా, వరసగా, చాప పరిచినట్టున్నాయి. ఇందులో మాత్రం ఉబ్బుగా, మొటిమల్లా పైకి లేచి ఉన్నాయి. ప్రతి మూత మొన దగ్గర సూదితో గుచ్చినంత కన్నం. నాకు తేడాగా అనిపించి ఫొటోలు తీసి కేంద్రానికి పంపి ఫోన్ చేశాను. “గుడ్లు ఎక్కువున్నాయంటే రాణి జోరు మీదుందన్నమాట మేడం, టెన్షన్ పడకండి” అన్నారు. ఒక మార్కు ఇక్కడ పోయింది. ఫొటో తెరిచి చూసినా, చూడకుండా చెప్పినా, ఆ మాట తప్పే.

నేను వదల్లేదు. మూడు రోజులు వరసగా ఫోన్ చేస్తే కుర్రాణ్ణి పంపించారు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. ముసుగు లేకుండానే ఫ్రేము తీసి, “అక్కా, ఎండకి వీపు పెట్టి నిలబడండి. వెలుతురు మీ భుజం మీంచి గదిలోకి దిగాలి” అన్నాడు. అలా చూస్తే అంతవరకూ నాకు కనపడనిది కనపడింది. గుడ్లు గది అడుగున నిలబడి లేవు. గోడలకి అంటుకుని పక్కలకి పడి ఉన్నాయి.

“రాణి పొట్ట పొడుగక్కా, అడుగుదాకా అందుతుంది. ఒక్కో గదిలో ఒక్కటే, నడిమధ్యలో పెడుతుంది. ఇవి కూలి ఈగలు పెట్టినవి. వాటి పొట్ట పొట్టి, అడుగు అందదు. ఏ ఈగ ఎక్కడ పెట్టిందో ఇంకో దానికి తెలీదు, అందుకే నాలుగేసి ఉన్నాయి” అన్నాడు.

కూలి ఈగలంటే పెట్టెలో పనంతా చేసేవి, అవి కూడా ఆడవేనట. రాణి బతికున్నంత కాలం, దాని వాసన, పిల్లల వాసన పెట్టెలో ఉన్నంత కాలం వాటి గుడ్ల సంచులు ముడుచుకునే ఉంటాయి. ఎక్కడో ఒకటి గుడ్డు పెట్టినా మిగతావి తినేస్తాయి. రాణి పోయి, దాని పిల్లలు కూడా పెద్దవైపోతే ఆ అదుపు పోతుంది, కొన్ని కూలి ఈగలు గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. మన దేశవాళీ ఈగల్లో ఇది ఇంకా తొందరగా జరుగుతుందట. అవి మగవాటితో కలవలేవు కాబట్టి గుడ్డు ఫలదీకరణ కాదు. అయినా ఆ గుడ్డు మురిగిపోదు, పొదుగుతుంది. అయితే అందులోంచి వచ్చేది ఎప్పుడూ పోతుటీగే, అంటే మగ ఈగ. ఆ ఉబ్బు మూతల కింద ఉన్నవన్నీ పోతుటీగలే.

పోతుటీగ తేనె తేదు, మైనం కట్టదు, పిల్లల్ని సాకదు, దానికి కొండి కూడా ఉండదు. ఉన్న కూలి ఈగలు ఒక్కొక్కటే ముసలివై రాలిపోతుంటే వాటి చోట్లోకి కొత్తవి రావు. బయటికి అంత నిండుగా కనపడే పెట్టె నెల, నెలన్నరలో ఖాళీ అయిపోతుంది. ఆ మాట వింటుంటే నాకు గొంతు పట్టేసింది. అవి కాకర పూల మీద వాలుతూ, కాళ్ళకి పుప్పొడి ముద్దలు కట్టుకుని వస్తూనే ఉన్నాయి. ఎవరికోసం తెస్తున్నాయో అనిపించింది.

కొత్త రాణిని పెట్టేద్దాం అన్నాను. చాలాసార్లు చంపేస్తాయన్నాడు. మామూలుగా రాణి చచ్చిపోతే, అది చివర పెట్టిన గుడ్లలోంచి వచ్చిన లేత పురుగుకి రాయల్ జెల్లీ అనే ప్రత్యేకమైన మేత పెట్టి కొత్త రాణిని తయారు చేసుకుంటాయి. దీంట్లో ఉన్నవన్నీ మగ పిల్లలే. ఎంత మేపినా మగ పురుగు రాణి అవదు.

రెండో మార్కు ఎందుకు పోయిందో ఆ రోజు రాత్రి కాగితం మీద లెక్క వేస్తే తేలింది. గుడ్డు పొదగడానికి 3 రోజులు. తర్వాత దాదాపు వారం పాటు పురుగు. ఆ తర్వాతే మూత పడుతుంది. నేను తెరిచింది పెట్టె వచ్చిన ఎనిమిదో రోజున. అప్పటికే మూతలున్నాయంటే ఆ గుడ్లు వ్యాన్ ఎక్కకముందే పెట్టినవి. ఇంకో లెక్క. కూలి ఈగ గుడ్డు నుంచి బయటికి రావడానికి ఇంచుమించు 20 రోజులు. కూలి ఈగ పిల్ల మీద పడేది చదును మూత. ఆ పెట్టెలో చదును మూత గది ఒక్కటి కూడా లేదు. అంటే రాణి చివరి గుడ్డు పెట్టి దాదాపు మూడు వారాలైంది, మాకు అమ్మేనాటికే అది పోయి పది రోజులు దాటింది. తేవడంలోనో మా చేలోనో పోలేదు. ఈ లెక్క చెప్పాక కేంద్రం వాళ్ళు కాదనలేదు, 2,000 వెనక్కిచ్చారు. మొత్తం ఇవ్వాల్సిందని ఇప్పటికీ అంటాను.

కుర్రాడు రెండో పెట్టె మూత తీసి, దాని మీద మన తెలుగు దినపత్రిక ఒక షీటు పరిచి, పిన్నుతో పది పన్నెండు బెజ్జాలు పొడిచి, పైన నాలుగో పెట్టె పెట్టేశాడు. రెండు గుంపులూ కాగితాన్ని కొరుక్కుంటూ కలిసేలోపు ఒకదాని వాసన ఒకదానికి పడుతుంది, కొట్టుకోవు. నాలుగు రోజులకి పెట్టె ముందు కాగితం పీచు రాలి కనపడింది. చచ్చిన ఈగలు పిడికెడు కూడా లేవు. ఈ పనికి అతను విడిగా డబ్బు అడగలేదు.

అప్పట్నుంచీ నాకు ఈ మగ ఈగల సంగతి మీద ఒకటే ధ్యాస. 1845లో యూరప్‌లోని సైలీషియా ప్రాంతంలో ఉండే జీర్జోన్ అనే చర్చి ఫాదరు మొదట చెప్పాడట, పోతుటీగలు ఫలదీకరణ కాని గుడ్లలోంచే వస్తాయని. తర్వాత ఆయన పసుప్పచ్చ ఇటాలియన్ రాణుల్ని నల్ల జర్మన్ పోతులతో కలిపి చూస్తే, ఆడ పిల్లలకి రెండు రంగులూ కలిసి వచ్చాయి, మగ పిల్లలు మాత్రం అచ్చంగా తల్లి రంగే. రాణికీ కూలి ఈగకీ 32 క్రోమోజోములు ఉంటే పోతుకి 16. అత్తయ్యకి ఇదంతా చెప్తే కాసేపు ఆలోచించి, “అయితే దానికి నాన్న లేడు, వాళ్ళమ్మకి నాన్న ఉన్నాడు” అంది. సరిగ్గా అంతే.

మా బెండ మొక్కల మీద రసం పీల్చే పేనుబంక పురుగు కూడా ఇలాంటిదే, కాకపోతే తిరగేసి. దానికీ మగది అక్కర్లేదు, అన్నీ ఆడ పిల్లల్నే కంటుంది. అందుకే రాత్రికి రాత్రి ఆకు నల్లబడుతుంది. దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతంలో ఒక జాతి కూలి ఈగలు మగవాటితో కలవకుండానే ఆడ పిల్లల్ని పుట్టిస్తాయట. 1990లో వాటిని ఉత్తరానికి తీసుకెళ్తే అక్కడి ఈగల పెట్టెల్లో దూరి వేలకొద్దీ పాడుచేశాయి. మన ఈగలకి ఆ విద్య లేదు.

పోతుటీగలంటే చెడ్డవని అనుకోకండి. మంచి పెట్టెల్లోనూ ఉంటాయి. పట్టు కింది అంచున కాస్త వెడల్పు గదులు కడతాయి. రాణి ముందుకాళ్ళతో గది వెడల్పు చూసుకుని, ఇరుకు గది అయితే తన సంచిలో దాచుకున్న వీర్యం గుడ్డుకి అందిస్తుంది, వెడల్పు గది అయితే అందించకుండా వదిలేస్తుంది. అలా కావాలని పెట్టిన మగ గుడ్లు అవి. అవి లేకపోతే కొత్త రాణికి జత దొరకదు. కింది అంచున వరసగా ఉంటే కాలం బాగున్నట్టు, పట్టు మధ్యలో చెల్లాచెదురుగా ఉంటే ఏదో పోయినట్టు.

కొనేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఒకటే. ఈగల సంఖ్య చూసి డబ్బు ఇవ్వకండి. అమ్మేచోటే పగటిపూట ఫ్రేము తీయించండి, ఎండకి వీపు పెట్టి చూడండి. గదికి ఒక గుడ్డు అడుగున నిలబడి ఉందా, చదును మూతలు ఒత్తుగా ఉన్నాయా, ఈ రెండూ చాలు. చూపించనంటే వచ్చేయండి. వచ్చే కుర్రాణ్ణి ముందే అడిగి పెట్టుకోండి, ఈ కేంద్రంలో నేను మళ్ళీ కొంటే అతని కోసమే కొంటాను.

గుమ్మడి ఈసారి చేత్తో ముట్టుకోలేదు, పిందె బాగా నిలిచింది. సంక్రాంతి వెళ్ళాక రెండో పెట్టె పొంగిపోతుంటే కుర్రాడు వచ్చి మూడు ఫ్రేములు తీసి, ఖాళీగా ఉన్న నాలుగో పెట్టెలో పెట్టాడు. వాటిలో లేత పురుగులు ఉండేలా చూసుకున్నాడు. శివరాత్రి ముందు రోజు పొద్దున, ఎండకి వీపు పెట్టి తెరిచాను. మధ్య ఫ్రేములో అరచేయంత మేర గుడ్లు, గదికి ఒకటి చొప్పున, అన్నీ అడుగున నిటారుగా. అత్తయ్య ఈసారి తనే ఫ్రేము పట్టుకుని చూసింది.