తోట ఒకచోట, మంద మరోచోట: కలిపితే నేలకు మేలా?

పండ్ల తోటలో గడ్డి పెరిగితే కలుపు మందు కొడతారు, లేదంటే డీజిల్ యంత్రంతో కోయిస్తారు. పాకలో ఉన్న పశువులకేమో మేత కొని వేస్తారు, పేడ ఎక్కడ వేయాలో తోచక గుంటల్లో నింపుతారు. తోటను, మందను విడదీసినందుకు నేల, నీరు, గాలి మూడూ మూల్యం చెల్లిస్తున్నాయి. పర్యావరణం వైపు నుంచి చూస్తే చెట్ల కింద మేపడమే మేలని నా గట్టి నమ్మకం. కాకపోతే ఏ జంతువును, ఎంత వయసు చెట్ల కింద, ఎన్నాళ్లు మేపుతున్నామన్నది చూసుకోకపోతే ఆ మేలు కీడుగా మారుతుంది.

అసలు తేడా పేడ దగ్గరే కనిపిస్తుంది. పాకలో పేడ, మూత్రం కలిసిపోతే మూత్రంలోని యూరియా అమ్మోనియాగా మారి గాలిలోకి పోతుంది. గాలి తగలని గుంటలో నీళ్లతో నిలవ ఉన్న పేడ నుంచి మీథేన్ వెలువడుతుంది. నూరేళ్ల లెక్కన చూస్తే ఈ వాయువు కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 27 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అదే పేడ చెట్ల కింద అక్కడక్కడా పడితే గాలికి ఆరుతుంది, పేడ పురుగులు దాన్ని నేలలోకి చేరుస్తాయి, మీథేన్ చాలా తక్కువగా వస్తుంది. మూత్రం పడినచోట గడ్డి వేళ్లను దాటి కిందికి దిగే నైట్రేటును (నీటిలో కరిగే నత్రజని రూపాన్ని) చెట్ల లోతు వేళ్లు కొంతవరకైనా అందుకుంటాయి. చెట్లు లేని బీడులో అది భూగర్భజలం దాకా పోగలదు. అయితే ఐవర్‌మెక్టిన్ వంటి నట్టల మందు వేసిన పశువుల పేడలో ఆ మందు మిగిలి, పేడ పురుగుల పిల్లలను చంపుతుంది. అందుకే మందు వేశాక కొంతకాలం మందను తోటలోకి రానివ్వకూడదు.

కార్బన్ విషయంలో మాత్రం అతిగా చెప్పుకోకూడదు. కాండంలో, వేళ్లలో కార్బన్ నిలవ ఉంటుంది కాబట్టి వట్టి పచ్చిక కన్నా చెట్లున్న పచ్చిక మేలే. కానీ నెమరువేసే జంతువు కడుపులో పుట్టే మీథేన్ చెట్టు నీడన ఆగిపోదు. అడవిని నరికి ఇలాంటి తోట వేస్తే అది నష్టమే. ఉన్న బీడులో చెట్లు నాటడం, ఉన్న తోటలోకి మందను తోలడం, ఈ రెండే సరైన దారులు. స్పెయిన్‌లో ఓక్ చెట్ల కింద పందులను, గొర్రెలను మేపే దెహేసాలు ఎంతోకాలంగా సాగుతున్నాయి. కొలంబియాలో పచ్చిక మధ్య సుబాబుల్‌ను ఒత్తుగా పెంచి ఆవులను మేపుతున్నారు. సుబాబుల్ వేళ్ల బొడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి కాబట్టి రసాయన ఎరువుల అవసరం తగ్గుతుంది.

ఇక ఏ జంతువు? పండ్ల తోటకు గొర్రెకే నా ఓటు. ఆవుకన్నా తేలిక కాబట్టి నేలను అంతగా గట్టిపరచదు, కలుపు మందు అవసరాన్ని బాగా తగ్గిస్తుంది, రాలిన కాయలతోపాటు వాటిలోని పురుగునూ తినేస్తుంది. దానికున్న పెద్ద ముప్పు రాగి. రాగి ఉండే మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం అనే తెగుళ్ల మందు చల్లిన తోటలో మేస్తే గొర్రె కాలేయంలో రాగి పేరుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆవులు కొబ్బరి వంటి ఎత్తైన చెట్ల కింద బాగా ఇముడుతాయి, నేల తడిగా ఉన్నప్పుడు మాత్రం వాటిని దింపకూడదు. కోళ్లు పురుగులను ఏరుకు తింటాయి కానీ ఒకేచోట ఉంచితే నేలను గీకి వేళ్లను బయటపెడతాయి, రెట్టలతో భాస్వరం పేరుకుంటుంది. మేకకు బెరడంటే ఇష్టం, దాన్ని తోటలోకి రానివ్వకపోవడమే మంచిది.

ఏ జంతువైనా ఒక మడిలో గడ్డి మొదలంటా కొరకకముందే మరో మడికి మార్చాలి. పంట కోతకూ మేతకూ మధ్య ఎడం కూడా ఉండాలి. అమెరికా సేంద్రియ నిబంధనల ప్రకారం, తినే భాగం నేలకు తగిలే పంటలకు పచ్చి పేడ వేస్తే కోతకు కనీసం 120 రోజులు, తగలని పంటలకైతే 90 రోజులు ఆగాలి. మందను తోలేవారు కూడా ఈ గడువునే పాటించడం క్షేమం.

లేత మొక్కలున్న తోటలో మాత్రం విడిగా ఉంచడమే మేలు. కాండం గట్టిపడి, కొమ్మలు జంతువుల నోటికి అందనంత ఎత్తుకు వెళ్లేదాకా గడ్డిని కోసి పాకకు తెచ్చి వేయాలి, పేడను బాగా మాగబెట్టి పాదుల్లో వేయాలి.