చేప మేతలో కలిపే బాక్టీరియా పొడి: పంట కాలమంతా వాడాక

విశాఖ నగరంలోని ఒక ఆక్వా మందుల దుకాణంలో కొని, పద్మనాభం వైపున్న మా మంచినీటి చెరువులో పంట కాలమంతా వాడిన రోగనిరోధక పొడి గురించి ఈ సమీక్ష. ఇది యాంటీబయాటిక్ కాదు. బాసిల్లస్, లాక్టోబాసిల్లస్ జాతుల బాక్టీరియాను పెంచి, వేడితో చంపి, వాటి కణకవచాలను పొడి చేసి అమ్ముతున్నామని తయారీదారు చెబుతున్నారు. లేత గోధుమరంగులో ఉండే ఈ పొడి పులిసిన పిండి వాసన వేస్తుంది. చేపలు మాత్రం మేతను వెనక్కి నెట్టలేదు.

చేప ఒంట్లో ప్రతిదేహాలు (రోగక్రిమిని పట్టుకునే యాంటీబాడీలు) తయారవుతాయి గానీ, ఆ పని నీటి వేడిని బట్టి నెమ్మదిగా సాగుతుంది. అందాకా రోగక్రిమిని ఆపవలసింది పుట్టుకతో వచ్చిన రక్షణే, అంటే ఒంటి మీది జిగురు, అందులో క్రిముల కణకవచాన్ని కరిగించే లైసోజైమ్ అనే ఎంజైమ్, క్రిములను మింగే తెల్లకణాలు. బాక్టీరియా కణకవచంలోని పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థాన్ని చేప కణాలు శత్రువు ఆనవాలుగా గుర్తుపడతాయి కాబట్టి, క్రిమి చచ్చినదైనా సరే, ఈ రక్షణ ముందుగానే మేల్కొంటుంది. కనుక పుండ్లు పడ్డాక దీన్ని వేసి ప్రయోజనం లేదు. చలి ముదరక ముందు, వల లాగడానికి ముందు వేయాలి. విరామం లేకుండా నెలల తరబడి వేస్తే స్పందన మొద్దుబారే ప్రమాదం ఉంది. ఏడాది పొడవునా వేయమన్న దుకాణదారు సలహా ఆయన అమ్మకానికే మంచిది.

నా ప్రధాన ఫిర్యాదు లేబులు మీద. చంపిన బాక్టీరియా అంటూనే గ్రాముకు ఇన్ని కోట్ల సజీవ కణాలని అచ్చువేశారు. రెండూ ఎలా నిజమవుతాయి? చచ్చిన కణాలదైతే విశాఖ వేసవిలో రేకుల షెడ్డులో ఉన్నా పెద్దగా చెడదు, సజీవమైనదైతే చల్లగా దాచాలి. రైతుకు అవసరమైన ఆ ఒక్క సంగతీ అందులో తేలలేదు. కణకవచ పదార్థం ఎంత శాతమో కూడా రాయలేదు.

వాడకం సూచనలు గుళికల మేతకే సరిపోతాయి. జిగురు పట్టించి నీడన ఆరబెట్టిన గుళికలను బకెట్టు నీళ్లలో వేసి చూస్తే పొడి బాగానే అంటుకుని ఉంది. కానీ శీలావతి, బొచ్చె పెంచేవారిలో చాలామంది చిల్లుల సంచుల్లో తవుడు నింపి కర్రలకు కడతారు. అలా కట్టిన సంచి చుట్టూ పొడి మబ్బులా లేచి, చేప నోటికి అందకుండానే నీటిపాలైంది.

పొడి వేసిన చెరువులో చలికాలంలో వలకు వచ్చిన శీలావతుల మీద ఎర్రమచ్చలు పక్క చెరువులో కంటే తక్కువ. అయితే పొడి వేసిన చెరువులో నీటి మార్పిడి కూడా మెరుగు, కాబట్టి ఫలితమంతా పొడి ఖాతాలో వేయను. చేప పేనును ఇది ఆపలేదు, ఆపుతుందని ఆశించనూ లేదు.

సముద్ర పంజరాల్లో, అంటే సముద్రంలో తేలే వల గూళ్లలో, పండుగప్ప పెంచేవారికి ఇటువంటి సరుకు ఇంకా ఎక్కువ అవసరం. 2007లో సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) సముద్ర పంజరాన్ని దింపింది ఈ విశాఖ తీరంలోనే. పారే నీటిలో మందు నిలవదు కనుక రక్షణ మేత ద్వారానే అందాలి. ఉప్పునీటి సాగుదారులు మాత్రం తీరప్రాంత ఆక్వా సాగును నియంత్రించే కేంద్ర సంస్థ కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ ఇచ్చే యాంటీబయాటిక్ రహిత ధ్రువీకరణ ఉందో లేదో చూసి కొనడం మంచిది. నేను మళ్లీ కొంటాను, గుళికల మేత వేసే చెరువుకు మాత్రమే, అదీ చలికి ముందు కొద్ది వారాలకు సరిపడా.