న్యాంగ్-ఊ సంతలో ఉలవచారు చుట్టం

బర్మా (మయన్మార్) వెళ్ళాం. రంగూన్‌లో రాత్రి ఎక్కిన బస్సు తెల్లవారుజామున నాలుగున్నరకే మమ్మల్ని బగాన్ బయట దింపేసింది. 2020 జనవరి. పగలు ఎండ మాడ్చే ప్రాంతమే గానీ ఆ వేళకి పళ్ళు టకటకలాడాయి. టాక్సీవాళ్ళు చుట్టుముట్టి 12,000 చాట్లు అడిగారు, బేరమాడితే 7,000కి దిగారు. అప్పట్లో మన రూపాయికి 20 చాట్లు వచ్చేవి. దారిలో కౌంటర్ దగ్గర ఆపి బగాన్ ప్రవేశ టికెట్ అని తలకి 25,000 కట్టించుకున్నారు. అది మోసమేమీ కాదు, విదేశీయులందరూ కట్టాల్సిందే. తీరా గెస్ట్‌హౌస్‌కి చేరితే గది మధ్యాహ్నం రెండింటికి గానీ ఇవ్వలేమన్నారు. "సామాను ఇక్కడ పెట్టి మార్కెట్‌కి వెళ్ళిరండి, ఆరింటికే మొదలవుతుంది" అంది కౌంటర్లో అమ్మాయి. మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది. ఈ ట్రిప్ ప్లాన్ నాది మరి.

అలా చేరాం, బగాన్ గుడుల పక్కనే ఉన్న న్యాంగ్-ఊ అనే ఊళ్ళో మణిసితు మార్కెట్‌కి. బగాన్‌కి ఎవరైనా పాత బౌద్ధ గుడుల కోసమే వెళ్తారు. రెండు వేలకు పైగా ఉన్నాయి, 2019లో యునెస్కో జాబితాలోకి ఎక్కాయి. మూడు రోజులు వాటి చుట్టూ తిరిగాం కూడా. కానీ ఇప్పటికీ మా ఇంట్లో బగాన్ మాటొస్తే ముందు సంత సంగతే వస్తుంది.

ముందు వరసలు చూసి నిరాశపడకండి. ఏనుగు బొమ్మల ప్యాంట్లు, ఇసుక పెయింటింగులు, కీలుబొమ్మలు, అన్నీ టూరిస్టుల సరుకే. రెండు వరసలు దాటి లోపలికి నడిస్తే అసలు సంత. తడి నేల, ఎండుచేపల వాసన, దాన్ని మించి ఙపి అనే చేపల ముద్ద వాసన. మా ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే నడిచింది. ఆడవాళ్ళ బుగ్గల మీద పసుపు రంగు పూత. ఒక చెట్టు చెక్కని గుండ్రటి సానరాయి మీద నీళ్ళు చిలకరించి అరగదీస్తారు, అచ్చం మనం గంధం తీసినట్టే. దాని పేరు తనఖా. మన తనఖా బ్యాంకులో పెట్టేది, వీళ్ళది మొహానికి పెట్టేది. ఒకావిడ మా ఆవిడ బుగ్గ మీద కూడా రాసింది, డబ్బులు తీసుకోలేదు. చల్లగా ఉందంది, ఎనిమిదయ్యేసరికి ఎండిపోయి రాలడం మొదలైంది.

నాకు ఆశ్చర్యమనిపించింది తూకం. కూరగాయలవాళ్ళు చెప్పే లెక్క కిలో కాదు, వీశె. వాళ్ళ మాట వేరే ఉంది గానీ ఇంగ్లీషువాళ్ళు రాసుకున్న 'విస్' అన్నది మన దక్షిణాది వీశె నుంచి వెళ్ళిందే. మన పాత వీశె 1.4 కిలోలు, వాళ్ళది 1.63. మన దగ్గర మాట సామెతల్లో తప్ప వినపడదు, అక్కడ టమాటాలు దానితోనే తూస్తున్నారు. ఒకప్పుడు మన కోస్తా వాళ్ళు స్టీమర్లెక్కి రంగూన్‌కి వేలల్లో కూలికి వెళ్ళేవాళ్ళు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద వాళ్ళని కోరంగీలు అనేవాళ్ళు. వెళ్ళినవాళ్ళలో ఎంతమంది ఇలాంటి తక్కెడల ముందు నిలబడి, లెక్క సరిచూసుకుని ఉంటారో.

ఇక అసలు సంగతి. ఒక ముసలావిడ నల్లటి ముద్దని ప్లాస్టిక్ కవర్లలో కట్టి పెట్టుకుంది. తారులా ఉంది. పేరు పోన్-యే-జీ అంది. పక్కన పళ్ళెంలో అదే ముద్దలో ఉల్లిపాయ ముక్కలు, ఎండుమిరప, వేరుశనగ నూనె కలిపి ఉంచింది. వేలితో కొంచెం తీసి చేతిలో పెడితే నేను వద్దన్నాను. మా ఆవిడ నాకింది. ఒక్క క్షణం ఆగి, "ఏవండీ, ఇది ఉలవచారండీ!" అంది. నేనూ నాకాను. కొంచెం పులుపు, ఉప్పు బాగా ఎక్కువ, వెనకాల మాత్రం ఉలవల కమ్మదనమే. మేం మొహమొహాలు చూసుకోవడం చూసి ఆవిడ గోనెసంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు గింజలు తీసి చూపించింది. ఉలవలే! ఉడికించి, ఆ నీళ్ళని గంటల తరబడి మరిగించి, పులియబెట్టి చిక్కబరుస్తారట. సోయాతో కూడా చేస్తారు గానీ బగాన్ దీనికి పేరుపడింది. వానలు తక్కువ పడే మెట్ట నేల కదా, చుట్టూ వేరుశనగ, నువ్వులు, తాటిచెట్లు. అనంతపురంలో పండేవే అక్కడా పండుతున్నాయి. పక్క కొట్లో తాటిబెల్లం ఉండలు కూడా ఉన్నాయి.

రెండు ప్యాకెట్లు తీసుకుని నోటు ఇస్తే ఆవిడ ఎడమచేత్తో కుడి మోచేతిని తాకుతూ అందుకుంది, అది అక్కడి మర్యాద. తర్వాత ఆ నోటుతో సరుకు మొత్తాన్ని ఒక్కో తట్టు తట్టింది. మాదే బోణీ. వేరే కొట్ల దగ్గర గమనించాను, అందరూ అంతే. కాబట్టి ఏడులోపు వెళ్తే బేరం తేలిగ్గా తెగుతుంది.

చెట్టు జిగురు పూత పూసిన లాకర్ గిన్నెలు మాత్రం ఈ సంతలో కొనకండి. ఒకటి కొన్నాను, నెల తిరక్కుండా పూత లేచిపోయింది. మర్నాడు మ్యిన్‌కబా ఊళ్ళో చేసేవాళ్ళ దగ్గర చూస్తే తేడా తెలిసింది. గుర్రపు వెంట్రుకలతో అల్లిన కప్పు అంచులు రెండూ వేళ్ళతో నొక్కితే కలుస్తాయి, వదిలితే మళ్ళీ గుండ్రంగా వచ్చేస్తుంది. ధర నాలుగు రెట్లు, అయినా అదే నయం.

శాకాహారులకు కష్టమే. చేప లేనిది దొరకడం అరుదు, పొద్దున్నే అందరూ తినే మొహింగా కూడా చేపల పులుసులో వేసిన బియ్యపు సేమియాయే. 'తెత్ తట్ లుట్' అని నేర్చుకోండి, చంపకుండా చేసింది అని అర్థం. ఆ మాటతో టీ ఆకుల సలాడ్, అన్నం, పప్పు దొరికాయి. భోజనం అయ్యాక కాగితంలో చుట్టిన చింతపండు బిళ్ళలు ఊరికే పెడతారు.

బస రాత్రికి 28 డాలర్లు, టిఫినుతో సహా. గది చిన్నది, వేడినీళ్ళు పొద్దున్న ఏడు దాటాకే. ఓల్డ్ బగాన్ అనే చోట హోటళ్ళు గుడుల మధ్యే ఉంటాయి గానీ ఖరీదు. న్యాంగ్-ఊలో ఉంటే సంత నడక దూరం, గుడులకి నాలుగైదు కిలోమీటర్లు. ఈ-బైక్ రోజుకి 8,000. మాకిచ్చినదాని బ్యాటరీ చీకటిపడే వేళకి దారి మధ్యలో ఆగిపోయింది, ఫోన్ చేస్తే ముప్పావుగంటకి వేరే బండి తెచ్చిచ్చారు. తీసుకునే ముందే ఛార్జింగ్ చూసుకోండి.

ఇవన్నీ అప్పటి రేట్లు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం చేపట్టాక దేశం చాలా మారిపోయింది, 2025 మార్చిలో పెద్ద భూకంపం కూడా వచ్చింది. వెళ్ళాలనుకుంటే మన విదేశాంగ శాఖ హెచ్చరికలు చూసుకున్నాకే టికెట్ కొనండి.

ప్యాకెట్లు రెండూ విజయవాడ దాకా భద్రంగా వచ్చాయి. మా ఆవిడ ఒకదానిలో నీళ్ళు పోసి మరగబెట్టి, తాలింపు పెట్టి, ఏమీ చెప్పకుండా మా అత్తగారికి వడ్డించింది. ఆవిడ మీగడ వేసుకుని రెండు ముద్దలు తిని, "ఎవరు కాచారే? ఉప్పు చెయ్యి జారింది" అన్నారు.