యాప్‌లో హీబ్రూ గొంతు: ఫోనుదా, క్లౌడ్‌దా, రికార్డు చేసి పెట్టుకున్నదా?

కువైట్ వెళ్లేవారికి అరబిక్ వాక్యాలు నేర్పే యాప్ చేశాక, కడప, ప్రొద్దుటూరు వైపు ఇంజినీరింగ్ విద్యార్థులు నన్ను పదేపదే అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. ఇజ్రాయెల్‌లో వృద్ధుల సంరక్షణ పనికి వెళ్లేవారి కోసం అదే యాప్‌లో హీబ్రూ చేర్చాలంటే ఏ సర్వీసు మేలు? అనువాదం రావాలి, ఫోను దాన్ని చదివి వినిపించాలి, డబ్బు ఖర్చు కాకూడదు. అడిగేవారందరూ ధరల పట్టిక ముందు పెట్టుకుని వస్తారు. నేను ధరను చివరికి నెడతాను.

హీబ్రూకు 22 అక్షరాలు, అన్నీ హల్లులే. వాటిలో కొన్నిటిని అచ్చుల గుర్తులుగా వాడుకున్నా, మాట పూర్తి ఉచ్చారణ తెలియాలంటే నిఖుద్ అనే చుక్కలూ గీతలూ ఉండాలి. రోజువారీ రాతలో వాటిని పెట్టరు. మనం క, ల అని మాత్రమే రాసి, అది ‘కల’నా, ‘కాలు’నా, ‘కూలి’నా అన్నది చదివేవారినే తేల్చుకోమన్నట్టు ఉంటుంది. అలవాటైనవారు సందర్భాన్ని బట్టి చదివేస్తారు. యంత్రం మాత్రం ఊహించాలి.

ఆ ఊహ తప్పేది సరిగ్గా మనకు కావలసిన చోటే. ‘తిన్నారా?’ అనే ప్రశ్నను మగవారిని అడిగితే ‘అఖల్తా’, ఆడవారిని అడిగితే ‘అఖల్త్’. చుక్కలు లేకుండా రాస్తే రెండూ ఒకటే. ‘ఎలా ఉన్నారు’ అనడానికి ‘మా ష్లోమ్‌ఖా’, ‘మా ష్లోమేఖ్’ అనే రెండు రూపాలదీ అదే తీరు. సంరక్షకురాలు రోజంతా అడిగేవి ఇలాంటి మాటలే. అనువాదం అక్షరాలా సరిగ్గా వచ్చినా, గొంతు ఒక అవ్వను తాతగా మార్చి పలకరించగలదు. విన్న అమ్మాయి దాన్నే కంఠస్థం చేస్తుంది. ఇక్కడ టీటీఎస్ (రాసినదాన్ని గొంతుగా మార్చే సాఫ్ట్‌వేర్) చదివిపెట్టే సాధనం మాత్రమే కాదు, ఉచ్చారణ నేర్పే పంతులు కూడా. అందుకే గొంతు తియ్యగా ఉందా లేదా అన్నది నాకు రెండో విషయం.

ఈ కొలతతో చూస్తే, ఉచితమని అందరూ మొగ్గే జత, యాప్‌లలో పెట్టుకునే గూగుల్ వారి ఎంఎల్ కిట్ అనువాదం, ఫోనులోని టీటీఎస్. తెలుగు, హీబ్రూ రెండూ ఎంఎల్ కిట్‌లో ఉన్నాయి. భాషకు దాదాపు 30 ఎంబీ నమూనా (అనువదించే మోడల్ ఫైలు) దింపుకుంటే నెట్ లేకుండానే పనిచేస్తుంది. అయితే తెలుగు నుంచి హీబ్రూకు నేరుగా పోదు, మధ్యలో ఇంగ్లీషు మీదుగా వెళుతుంది. ‘మీరు’లోని మర్యాద అక్కడ జారిపోతుంది. దానికి నేను బాధపడను, హీబ్రూలో పెద్దవారినీ ఏకవచనంలోనే పలకరిస్తారు. కానీ ఎదుటివారు ఆడా మగా అన్నది తెలుగు వాక్యంలోనూ లేదు, ఇంగ్లీషులోనూ లేదు. హీబ్రూలో ఏదో ఒకటి తేల్చక తప్పదు, తేల్చడానికి ఆధారం లేదు. ఇక గొంతు సంగతి. ఐఫోనులో కార్మిత్ అనే హీబ్రూ గొంతు ఉంది. ఆండ్రాయిడ్‌లో అది ఆ ఫోనులో ఏ ఇంజిన్ ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, గొంతు దొరకనప్పుడు ఏం చేయాలో కోడులో ముందే రాసుకోవాలి. ఒక చిన్న తలనొప్పి కూడా ఉంది: 1989లో హీబ్రూ భాషా సంకేతం ‘ఐడబ్ల్యూ’ నుంచి ‘హెచ్ఈ’కి మారినా, ఆండ్రాయిడ్‌లో పాతది ఇంకా వాడుకలో ఉంది. రెండింటినీ పరీక్షించండి.

క్లౌడ్ గొంతులు, అంటే నెట్ ద్వారా దూరపు సర్వర్ నుంచి వచ్చేవి, నిస్సందేహంగా సహజంగా ఉంటాయి. మైక్రోసాఫ్ట్ అజూర్‌లో అవ్రి, హిలా అని మగ, ఆడ గొంతులున్నాయి. గూగుల్ క్లౌడ్‌లోనూ హీబ్రూ ఉంది. అయినా చుక్కల్లేని వాక్యం ఇస్తే అవి కూడా ఊహించేవే. పైగా ఇంటి పెద్దాయన జబ్బు వివరాలు ప్రతిసారీ ఎక్కడో సర్వర్‌కు పంపడం నాకు నచ్చదు. మెటా వారి అనువాద నమూనా ఎన్ఎల్ఎల్‌బీకి రెండు భాషలూ వచ్చు కానీ, లైసెన్సు వాణిజ్యేతర వాడకానికే. కాలేజీ ప్రాజెక్టుకు చాలు.

నేను మొగ్గేది అందరూ పాతకాలం పద్ధతి అనుకునే దాని వైపు. తిండి, మందు, స్నానం, నొప్పి, ఆసుపత్రి, దాడి హెచ్చరిక సైరన్ మోగినప్పుడు మమాద్ అనే ఇంటి రక్షణ గదిలోకి వెళ్లడం వంటి పనులకు కావలసిన 500 వాక్యాలను రాసి, హీబ్రూ మాతృభాషగా ఉన్నవారితో ఆడవారికి ఒకటి, మగవారికి ఒకటి చొప్పున రికార్డు చేయించాలి. మూడు సెకన్ల వాక్యాన్ని సెకనుకు 32 కిలోబిట్ల చొప్పున దాచితే 12 కేబీ. వెయ్యి ముక్కలూ కలిపి 12 ఎంబీ, ఎంఎల్ కిట్ ఒక భాషా నమూనాలో సగం కూడా లేదు. తెర మీద మొదటి ప్రశ్న ‘మీరు చూసుకునేది అవ్వనా, తాతనా?’ అని ఉండాలి. ఆ ఒక్క జవాబుతో సగం తప్పులు పోతాయి. సైరన్ మోగేటప్పుడు సర్వర్ జవాబు కోసం ఎదురుచూసే పనీ ఉండదు. ఈ 500లో లేని మాటకు మాత్రమే యంత్రానువాదం పెట్టి, పక్కన ‘సరిచూడనిది’ అని రాయండి.

నంద్యాల, కర్నూలు వైపు నుంచి మరో రకం ప్రశ్న వస్తుంది: పాత నిబంధన హీబ్రూ మూలాన్ని చదివి వినిపించే యాప్ కావాలని. వీరికి నా జవాబు తలకిందులవుతుంది. ఆ పాఠంలో నిఖుద్ నిండుగా ఉంటుంది కాబట్టి ఫోను గొంతే సరిపోవచ్చు, ఆధునిక ఉచ్చారణతోనే అనుకోండి. అనువాదం జోలికి పోనక్కర్లేదు, తెలుగు బైబిలు ఉండనే ఉంది. చేయవలసినవి రెండు పనులు. పాఠాన్ని ఏ రాగంలో చదవాలో చూపే రాగ చిహ్నాలను గొంతుకు ఇచ్చే ముందు తీసేయాలి. దేవుని నాలుగక్షరాల పేరు వచ్చిన చోట, యూదులు చదివినట్టే ‘అదోనాయ్’ అని (పక్కనే ‘అదోనాయ్’ ఉంటే ‘ఎలోహిమ్’ అని) పలికేలా మార్పిడి పట్టికలో రాసుకోవాలి.

ఇక ధర. గూగుల్ క్లౌడ్ అనువాదంలో నెలకు మొదటి 5 లక్షల అక్షరాలు ఉచితం, ఆ తర్వాత పది లక్షలకు 20 డాలర్లు. పైన చెప్పినట్టు యంత్రానువాదాన్ని అరుదైన మాటలకే ఉంచితే చిన్న యాప్ ఆ ఉచిత హద్దు దాటడం కష్టమే. అసలు ఖర్చు రికార్డింగుకే, అది ఒక్కసారి పెట్టేది.