విశాఖ ఫ్యామిలీ రెస్టారెంట్లు: ఏ వేళకి ఏది బాగుంటుంది, ఎంత చెప్పాలి

విశాఖలో ఇంటిల్లిపాదీ కలిసి బయట తినాలంటే చోటు వెతుక్కోనక్కర్లేదు. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, అక్కయ్యపాలెం, మద్దిలపాలెం, గాజువాక, మధురవాడ, ఏ పేటకెళ్లినా ఫ్యామిలీ రెస్టారెంట్ బోర్డులే. మెనూ కార్డు తెరిస్తే ఆంధ్రా, చైనీస్, తందూరీ, బిర్యానీ అన్నీ కలిపి వంద పైచిలుకు వంటలు. అన్నీ ఉన్నాయి కదా అని వేళ చూసుకోకుండా చెబితే మాత్రం డబ్బు దండగ. ఈ హోటళ్లలో రుచి గడియారాన్ని బట్టి ఉంటుంది. ఆ గంటలో పొయ్యి మీంచి ఏది దిగుతోందో అది చెప్పుకున్నవాళ్లు తృప్తిగా లేస్తారు, మిగిలినవాళ్లు హోటల్ బాలేదనుకుంటూ ఇంటికెళతారు.

మధ్యాహ్నం మీల్స్‌కి పన్నెండున్నర, ఒంటిగంటంబావు మధ్య చేరుకోవాలి. అప్పటికి పప్పు చిక్కగా ఉంటుంది, వేపుడు కరకరలాడుతుంది, చారులో పోపు వాసన ఇంకా పోదు. రెండు దాటితే సాంబారులో వేణ్నీళ్లు పడతాయి, దొండకాయ వేపుడు మూత కింద చెమర్చి మెత్తబడుతుంది, అన్నం అడుగుకొచ్చేసరికి ముద్ద కడుతుంది. అన్నం గురించి ఇంకోమాట. కోస్తాలో సన్నబియ్యం అనగానే జనానికి గుర్తొచ్చే సాంబ మసూరి, అంటే బాపట్లలో తయారై 1986లో విడుదలైన బీపీటీ 5204, పాతబడితేనే పొడిపొడిగా ఉడుకుతుంది. సంక్రాంతి ముందూ వెనకా కొత్తబియ్యం దిగుతుంది. ఆర్నెల్లు నిలవ ఉన్న బియ్యమే కొనే హోటల్‌కీ, చవగ్గా వచ్చిందని కొత్తది వండేసే హోటల్‌కీ తేడా జనవరి, ఫిబ్రవరిల్లో మొదటి ముద్దలోనే తెలిసిపోతుంది. అన్నం జిగురుగా ఉంటే పప్పు ఎంత బాగున్నా ఆ భోజనం నిలబడదు.

కూర్చోగానే రెండు సంగతులు అడిగి తెలుసుకోవాలి. అన్‌లిమిటెడ్ మీల్స్ ఒకటి చెప్పి ఇద్దరు పంచుకుంటామంటే ఏ హోటలూ ఒప్పుకోదు. చిన్నపిల్లలకి విడిగా ప్లేటు తీసుకోవాలా, పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు ముద్దలు పెట్టొచ్చా అన్నది హోటల్‌ని బట్టి మారుతుంది కాబట్టి వడ్డన మొదలవక ముందే అడగాలి. రెండోది, వేపుడూ స్వీటూ మళ్లీ వడ్డిస్తారా అని. చాలాచోట్ల అన్నం, పప్పు, సాంబారు, చారు ఎన్నిసార్లయినా వేస్తారు, వేపుడు ఒక్కసారే. శాకాహారం తప్ప ముట్టని పెద్దవాళ్లు వెంట ఉంటే సూర్యాబాగ్‌లో దసపల్లా హోటల్లో ఉన్న ధరణికి వెళ్లడం మేలు. అంతా శాకాహారమే, వంటింట్లో మాంసం గరిటె కలుస్తుందేమోనన్న శంక ఉండదు. భోజనం చేశాక అక్కడి ఫిల్టర్ కాఫీ తాగకుండా లేవకండి.

టిఫిన్ల సంగతి క్లుప్తంగా చెప్పొచ్చు. ద్వారకానగర్ వైపు టిఫిన్ హోటళ్లకి పేరుంది, ఆ పేరు నిలబెట్టుకునేది పొద్దున్న ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా. గుంపుగా వెళ్లినప్పుడు తలో రకం దోశ చెబితే ఒకరు తినడం అయ్యాక ఇంకొకరికి వస్తుంది. పెనం మీద ఒక వాయికి పట్టేవి కొన్నే, మాస్టరు ఒకే రకాన్ని వరసగా పోసుకుంటూ పోతాడు. అందుకని ముందు ఇడ్లీ, వడ తెప్పించుకుని, అవి తింటుండగా అందరికీ ఒకే రకం అట్టు చెబితే కలిసి తినొచ్చు. పెసరట్టు చెబితే ఒకసారి పెనం వైపు చూడండి. మాస్టరు నీళ్లు చిలకరించి తుడిచి, పిండి పోసి, గరిటె మధ్యలోంచి చుట్టూ తిప్పగానే అంచులు ఆకుపచ్చగా పలచబడి, మీద సన్నటి చిల్లులు పడాలి. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర ముక్కలు పిండిలో కనబడాలి. పెసరపిండికి పులియబెట్టడం లేదు, రుబ్బిన కాసేపట్లో పోసెయ్యాలి. గంటలు గడిస్తే రంగు మసకబారి పసరు వాసన వేస్తుంది. కరకరలాడాలని బియ్యప్పిండి ఎక్కువ కలిపితే అట్టు కరకరలాడుతుంది గానీ పెసర రుచి పోతుంది. సాయంత్రం పెసరట్టు ఉప్మా చెప్పేవాళ్లు లోపల పెట్టే ఉప్మా అప్పుడే చేసిందో పొద్దుటిదో అడగాలి. పొద్దుటిదైతే ఉల్లి పెసరట్టుతో సరిపెట్టుకోవడం ఉత్తమం.

రాత్రి జనమంతా బిర్యానీకే వస్తారు. తప్పులు ఎక్కువ జరిగేదీ అక్కడే. మన దగ్గర ఒకే పేరు మీద రెండు వేరువేరు వంటలు నడుస్తున్నాయి. దమ్ బిర్యానీలో మసాలా పట్టించిన పచ్చిమాంసం అడుగున పరిచి, సగం ఉడికిన బాస్మతి పైన వేసి, మూత బిగించి ఆవిరి మీద మగ్గనిస్తారు. ఫ్రై పీస్ బిర్యానీలో అన్నం విడిగా అవుతుంది, ముక్కల్ని కరివేపాకు, పచ్చిమిర్చితో వేయించి పైన వేస్తారు. మొదటిది డేగిశా మూత తీసిన గంటలోపు తినాల్సిన వంట. ఫోన్ చేసి ‘దమ్ ఎన్నింటికి తీస్తారు’ అంటే చెబుతారు. మధ్యాహ్నం పన్నెండుకి ఒకసారి, రాత్రి ఏడు, ఏడున్నరకి ఒకసారి తీసేవాళ్లే ఎక్కువ. పదిన్నరకి వెళితే మిగిలేది అడుగంటిన అన్నం, పీచుగా మారిన ముక్క. వడ్డించేటప్పుడు పైపైన తెల్లన్నం తీసి పెట్టేస్తుంటారు, ‘అడుగు నుంచి మసాలాతో కలిపి పెట్టండి’ అని ఆర్డరప్పుడే చెప్పాలి.

ఫ్రై పీస్‌లో ఇంకో తిరకాసుంది. ముక్కలు మధ్యాహ్నమే వేయించి ఉంచి, ఆర్డరు రాగానే మళ్లీ నూనెలో వేస్తే ఆలస్యమన్నది ఉండదు. కానీ అంచులు గట్టిపడి పళ్లకి సాగుతాయి, ఎముక దగ్గర మాంసం నల్లబడుతుంది. కరివేపాకు చూస్తే సంగతి బయటపడుతుంది: అప్పుడే వేయించింది పచ్చగా గలగలలాడుతుంది, రెండుసార్లు వేగింది నల్లగా చేదెక్కుతుంది. మటన్ బిర్యానీ ఆదివారం మధ్యాహ్నం తినాలి. ఆ రోజు మాంసం పొద్దున్నే వస్తుంది, గిరాకీ ఉంటుంది కాబట్టి నిలవుండదు. మంగళవారం రాత్రి అదే చెబితే ఫ్రిజ్‌లోంచి వచ్చిందే అయ్యుండొచ్చు.

ఫ్యామిలీ ప్యాక్, జంబో ప్యాక్ అన్న మాటలకి కొలత లేదు. ఒకచోట ముగ్గురికి చాలేది ఇంకోచోట ఐదుగురికి సరిపోతుంది. ‘ఎన్ని ముక్కలు వస్తాయి, లెగ్ ఎన్ని’ అని అడిగి లెక్క తేల్చుకోవాలి. నాటుకోడి విషయంలో ఇంకాస్త జాగ్రత్త పడాలి. ముదురు నాటుకోడి ఉడకడానికి బ్రాయిలర్ కన్నా చాలా ఎక్కువసేపు పడుతుంది, ఎముక గట్టిగా ఉంటుంది, ముక్క నమలాల్సి వస్తుంది. వేలితో నొక్కితే విడిపోయేంత మెత్తటి ముక్కని నాటుకోడి పేరుతో పెడితే నమ్మక్కర్లేదు.

సముద్రం పక్కనే ఉన్నాం కాబట్టి చేప ఎప్పుడూ తాజాగానే ఉంటుందనుకోవడం సహజం. కానీ తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, మరబోట్లకి వేట నిషేధం. ఆ రోజుల్లో ఫిషింగ్ హార్బర్లో పెద్దబోట్లు లంగరేసి ఉంటాయి. మోటారు లేని తెప్పలు, నాటుపడవలు తెచ్చే కొద్దిపాటి చేపలే తాజావి. అప్పుడు మెనూలో వంజరం, చందువా కనబడితే అవి ఐసులో ఉంచినవో, మే నెలాఖరు దాకా వేట సాగే పడమటి తీరం నుంచి వచ్చినవో అయ్యుంటాయి. ఆ రెండు నెలలూ చెరువు రొయ్యలూ, చెరువుల్లో పెంచే పండుగప్పా చెప్పుకోవడం తెలివైన పని. జూన్ 14 దాటి బోట్లు మళ్లీ తిరిగొచ్చాక వంజరం వేపుడుకి వెళ్లండి.

వేపుడుకి అప్పటికప్పుడు కోసిన ముక్క కావాలి, పులుసుకి అలా కాదు. పొద్దున్న పెట్టిన చేపల పులుసు సాయంత్రానికి ముక్కకి చింతపండూ ఉప్పూ పట్టి ఇంకా బాగుంటుంది, కాబట్టి పొద్దుటి పులుసే అని సర్వర్ చెబితే సంతోషంగా తెప్పించుకోవచ్చు. వంజరం ముక్క గుండ్రంగా, నడుమ ఒకే ఎముకతో, గట్టిగా ఉంటుంది. ఎముకల్లేకుండా తెల్లగా, వత్తితే పిండిలా విడిపోతే అది వేరే చేప, చాలామటుకు బాసా అనే చవకరకం. అపోలో ఫిష్ లాంటి ఎముక లేని వేపుళ్లలో బాసా వాడడం మామూలే, రేటు కూడా దానికి తగ్గట్టుంటే తప్పు పట్టక్కర్లేదు. వంజరం రేటు తీసుకుని బాసా పెడితేనే అడగాలి. రొయ్యలు సగం వంపు తిరిగి ఉంటే సరిగ్గా వేగినట్టు. ఉండలా చుట్టుకుపోయి రబ్బరులా సాగితే మంట మీద ఎక్కువసేపు ఉన్నట్టు. వీపు మీద నల్లనరం తియ్యలేదంటే ఆ వంటింట్లో తొందర ఎక్కువని అర్థం.

మొత్తం చేపకి మెనూలో ధర ఉండదు, ‘సైజును బట్టి’ అని ఉంటుంది. చేపని బల్ల దగ్గరికి తెప్పించుకుని, పచ్చి బరువు ఎంత, కిలో ఎంత, మసాలా వేసి కాల్చినందుకు విడిగా ఏమన్నా వేస్తారా అన్న మూడూ తేల్చుకున్నాకే సరేననాలి. బిల్లు దగ్గర గొడవలు ఎక్కువగా ఇక్కడే వస్తాయి.

ఇక ఎంత చెప్పాలన్నది. నలుగురు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు రాత్రి భోజనానికి వెళ్లారనుకుందాం. సూప్ రెండు, వన్ బై టూ చేయించి నలుగురికి. స్టార్టర్లు రెండు ప్లేట్లు చాలు, ఒకటి వేపుడు రకం, ఒకటి తందూరీ. ఫుల్ బిర్యానీలు రెండు, కూర ఒకటి, రోటీలు ఆరు, చివర్లో పెరుగన్నం ఒకటి. ఇంతకు మించితే మిగిలిపోతుంది. రోటీలు ఆరూ ఒక్కసారే తెప్పించుకోకూడదు. తందూరీ రోటీ పది నిమిషాల్లో చర్మంలా బిగుసుకుపోతుంది, మూడు తిన్నాక మూడు చెప్పాలి. స్టార్టర్లు ముందు చెప్పి, అవి బల్ల మీదికి వచ్చాక మెయిన్ కోర్సు చెబితేనే వేడిగా తింటాం. అంతా ఒక్కసారే చెబితే వంటింట్లో ఏది ముందైతే అది వచ్చేస్తుంది, సూప్ తాగుతుండగా బిర్యానీ చల్లారిపోతుంది.

పిల్లలకి కారం తగ్గించమని చెబితే వేపుడులో, నూడుల్స్‌లో తగ్గించగలరు. బిర్యానీ, పులుసు, గోంగూర మటన్ లాంటివాటిలో మసాలా ఎప్పుడో పడిపోయి ఉంటుంది, సర్వర్ తల ఊపినా కారం తగ్గదు. పిల్లల కోసం పప్పన్నం నెయ్యీ, ఆమ్లెట్ చెప్పుకోవడం నయం. చికెన్ 65 అటూఇటూగా ఎర్రమట్టి రంగులో ఉండాలి. కాగితానికి తుడిస్తే గులాబీ మరక పడితే అందులో రంగు కలిపినట్టే, పిల్లల పళ్లెంలో వెయ్యకండి. ఫ్యామిలీ రెస్టారెంట్లలో ఐస్‌క్రీమ్, గులాబ్ జామ్ మీద ఖర్చు పెట్టడం నాకు ఎప్పుడూ సమంజసంగా తోచదు. ఆ డబ్బుతో బయట మంచి ఐస్‌క్రీమ్ దుకాణానికి వెళ్లొచ్చు.

బిల్లు. ఇలాంటి హోటళ్లలో భోజనం మీద జీఎస్టీ 5 శాతం, సెంట్రల్ రెండున్నర, స్టేట్ రెండున్నర. 2017 నవంబరు 15 నుంచి ఏసీ హాలుకీ మామూలు హాలుకీ పన్ను ఒకటే. ఏసీలో ధర ఎక్కువుంటే అది హోటల్ పెట్టుకున్న రేటు, దాన్ని పన్ను అని చెప్పకూడదు. కాంపోజిషన్ పద్ధతిలో, అంటే అమ్మకాల మీద కొద్దిశాతం పన్ను తామే కట్టే పద్ధతిలో ఉన్న చిన్న హోటళ్లు కస్టమరు దగ్గర జీఎస్టీ వసూలు చెయ్యకూడదు. సర్వీస్ చార్జీ అని విడిగా వరస కనబడితే తీసెయ్యమని నిస్సంకోచంగా అడగొచ్చు: దాన్ని బిల్లులో తప్పనిసరిగా కలపకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టూ అదే నిలబెట్టింది. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. వాటర్ బాటిల్ విషయంలో చట్టం హోటల్ వైపే ఉంది. కూర్చుని తినేచోట ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017లో తేల్చింది. అందుకని బాటిల్ మూత తియ్యక ముందే ‘మామూలు నీళ్లు ఇవ్వండి’ అనాలి. వద్దని వెనక్కి పంపిన వంటలు బిల్లులో ఉండిపోవడం రద్దీ రోజుల్లో తరచూ జరుగుతుంది, ఒక్కో వరసా చదివి డబ్బివ్వాలి.

మిగిలింది పార్సిల్ కట్టించుకోవడంలో నామోషీ ఏమీ లేదు. రైతా, షేర్వా విడిగా కట్టమనాలి, అన్నంలో కలిస్తే నీరుకారుతుంది. వేయించిన చేపా రొయ్యలూ మళ్లీ వేడిచేస్తే గట్టిపడతాయి, వాటిని అక్కడే ముగించెయ్యాలి. భోంచేశాక ఆర్కే బీచ్‌కి వెళ్లే ఆలోచన ఉంటే పార్సిల్ కారులో వదిలి వెళ్లొద్దు. ఈ ఊరి ఉక్కపోతకి వండిన అన్నం బయట రెండు గంటలు దాటి ఉంటే కడుపు చెడగొట్టే క్రిములు పెరుగుతాయి, మళ్లీ వేడి చేసినా వాటి విషం పోదు. ముందు ఇంటికెళ్లి ఫ్రిజ్‌లో పెట్టి, ఆ తర్వాత బీచ్‌కి బయల్దేరండి.