చీకట్లో తూలే నడక: సిఫిలిసా, బీ12 లోపమా?

పగలు ఆర్కే బీచ్‌లో బాగానే నడిచే మనిషి చీకటి పడితే తూలుతున్నాడా? కళ్లు మూసుకుని మొహం కడుక్కుంటూ ముందుకు పడబోతున్నాడా? సిఫిలిస్ (లైంగికంగా సోకే జబ్బు), విటమిన్ బీ12 లోపం, ఈ రెండింటిలోనూ వెన్నుపాము వెనుక భాగం దెబ్బతింటుంది. కాళ్లు ఎక్కడున్నాయో మెదడుకు చెప్పేది అదే, అందుకే కళ్ల సాయం లేకపోతే తూలుతారు.

వైద్యం చేయించని సిఫిలిస్ 20 ఏళ్ల తర్వాత కూడా ఇలా బయటపడొచ్చు. కాళ్లలో మెరుపులా పొడిచే నొప్పి, సుత్తితో మోకాలి కింద తట్టినా కదలని కాలు, వెలుగు పడినా ముడుచుకోని కంటిపాపలు దీని గుర్తులు. పెన్సిలిన్‌ను 10 నుంచి 14 రోజులు రక్తనాళంలోకి ఎక్కిస్తే జబ్బు ఆగుతుంది గానీ, పోయిన నరాలు తిరిగి రావు.

బీ12 లోపంలో తిమ్మిర్లు ముందొస్తాయి. తొందరగా పట్టుకుంటే ఇంజెక్షన్లతో చాలావరకు తగ్గుతుంది.

విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి వెళ్లినా, ప్రైవేటుకు వెళ్లినా దయచేసి సిగ్గుపడి పాత సంగతి దాచకండి. ఈ దశలో సిఫిలిస్‌కి చేసే వీడీఆర్ఎల్ రక్తపరీక్ష నెగటివ్ రావచ్చు, టీపీహెచ్ఏ అనే మరో పరీక్ష కూడా చేయించండి.