పీటర్ కెఫే స్పోర్ట్, హోర్టా: సముద్రం దాటి వచ్చినవారి కోసం

వారాల తరబడి ఒడ్డు కోసం ఎదురుచూసి, తీరా అది కనిపించాక పడవ ఇంకాస్త నెమ్మదిగా వెళితే బాగుండునని కోరుకోవడం తెరచాప పడవపై మహాసముద్రం దాటినవారికి తెలిసిన అవస్థే. కరీబియన్ దీవుల నుంచి వేసవి ముందు బయలుదేరి యూరప్‌కు వెళ్లే పడవల్లో చాలా భాగం అట్లాంటిక్ మధ్యలో పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ ద్వీపాల్లోని ఫయాల్‌లో, హోర్టా రేవులో ఆగుతాయి. కొందరు అక్కడి నుంచి ముందుకు సాగుతారు. సెలవులు అయిపోయిన నాలాంటి వారి ప్రయాణం అక్కడే ముగుస్తుంది. ఆ ఇరువురినీ ఒకే ఆదరణతో కూర్చోబెట్టుకునే చోటు రేవుకు ఎదురుగా ఉన్న పీటర్ కెఫే స్పోర్ట్.

1918లో హెన్రిక్ అజెవెదో దీన్ని ప్రారంభించారు. ఆయన కుమారుడు జోసెను చూసి ఒక బ్రిటిష్ నౌకాధికారికి తన కొడుకు పీటర్ గుర్తుకు వచ్చాడట. అలా పిలిచిన పేరే కెఫేకూ స్థిరపడింది. నావికుల పేరిట వచ్చిన ఉత్తరాలను వారు వచ్చేదాకా దాచి ఉంచడం ఇక్కడి పాత సంప్రదాయం. పడవలవారు ఇచ్చి వెళ్లిన జెండాలతో లోపలి భాగం నిండిపోయి ఉంటుంది. జిన్ టానిక్ ప్రసిద్ధి చెందినదే, బాగుంది కూడా. అయితే నేను మెచ్చుకునేది ఎంతసేపు కూర్చున్నా ఎవరూ తొందరపెట్టకపోవడాన్ని. నేల మీద కూర్చున్నా ఒళ్లు ఇంకా ఊగుతూనే ఉంటుంది. ఇంటివారితో మాట్లాడిన సంతోషం ఒకవైపు, రాత్రి కాపలా వంతులు పంచుకున్న తోటివారు రేపటికి తలో దారీ పట్టబోతున్నారన్న దిగులు మరోవైపు. పక్క బల్లల వారూ అదే స్థితిలో ఉంటారు కనుక ఎవరికీ ఏదీ వివరించనక్కరలేదు.

పై అంతస్తులోని చిన్న మ్యూజియాన్ని తప్పక చూడాలి. స్పెర్మ్ తిమింగలాల దంతాలపై సన్నని గీతలు చెక్కి, వాటిలో నల్లరంగు నింపిన బొమ్మలవి. 1980ల దాకా ఈ దీవుల్లో తిమింగలాల వేట సాగింది. ఓడలు, వేట పడవలు, మనుషుల ముఖాలు అంత ఓపికగా చెక్కిన చేతులను తలచుకుంటే, సముద్రం మీద బతుకు ఎంత తీరికనూ ఎంత ఎడబాటునూ ఇస్తుందో నాకు అక్కడ అర్థమైంది. వేట పట్ల నాకు గౌరవం లేదు. ఆ పనితనం పట్ల ఉంది.

విమానంలో వచ్చేవారికీ ఇది మంచి కెఫేయే, కానీ దీని అసలు విలువ సముద్రం మీదుగా వచ్చినవారికే ఎక్కువగా తెలుస్తుందని నా అభిప్రాయం. అలా వచ్చేవారు మర్నాటికే తిరుగు టికెట్టు తీసుకోవద్దు. మొదటి సాయంత్రం పడవ సిబ్బంది అందరితో కలిసి ఇక్కడ గడపండి. రెండో రోజు మ్యూజియం చూసి, రేవు గోడపై మీ పడవ పేరుతో బొమ్మ వేయండి. బొమ్మ వేయకుండా వెళ్లిన పడవకు కీడు జరుగుతుందని నావికుల నమ్మకం. మీరు దిగిపోయినా, ఆ పడవ ముందుకు వెళ్లాలి కదా.